జాలికి ముందు కనిపెట్టవలసినవి

ఏ పనైనా తలచుకున్న వెంటనే చేసేయడం మోటుతనం. ఆ పనికి ముందు ఇంకో పని, దానికి ముందు మరో పని ఉండాలి. మధ్యలో తీరిగ్గా ఎదురుచూడాలి. ఈ సంగతిని సెల్‌ఫోన్ ఆటలు నేర్పినంత బాగా ఏ బడీ నేర్పలేదు. నమ్మరా? అయితే అడ్మిరల్ కథ వినండి.

అడ్మిరల్ అంటే నౌకాదళంలో పనిచేసినవాడు కాదు. పార్కులో తొక్కుడు పడవ ఎక్కితేనే కళ్ళు తిరిగే మనిషి. ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, సముద్ర యుద్ధాల ఆటకి రూల్స్ రాయడం అతని ఉద్యోగం. ఆఫీసులో అందరూ కలిసి ఆ పేరు తగిలించారు. అతను రాసేవి పరిశోధన రూల్స్. అంటే ఆడేవాళ్ళకి ఏ ఓడ, ఏ ఫిరంగి కావాలన్నా ముందు దాన్ని కనిపెట్టాలి. ఇనప ఓడకి ముందు ఉక్కు, ఉక్కుకి ముందు కొలిమి, కొలిమికి ముందు బొగ్గు. ఒక్కోటి కనిపెట్టడానికి గంటలకి గంటలు పడుతుంది. అంతసేపూ తెర మీద ఇసుక గడియారం తిరుగుతూ ఉంటుంది. ఆగలేనివాళ్ళు ఒక టూత్‌పేస్టు ప్రకటన చూస్తే అరగంట తగ్గుతుంది.

ఎంత సదుపాయం! ఈ రూల్ పుణ్యమా అని ఎంతమందికి పళ్ళ మీద శ్రద్ధ కలిగిందో ఎవరైనా ఆలోచించారా? శత్రువు రేవులోకి వచ్చేసినా సరే, కొలిమి తయారయ్యేదాకా చేతులు కట్టుకు కూర్చోగల నిగ్రహం ఏ యోగా మాస్టారు నేర్పగలడు?

అడ్మిరల్ ఈ మెట్లన్నిటినీ గోడంత చార్టు మీద గీశాడు. మొదటి మెట్టు తెడ్డు. నలభయ్యో మెట్టు, ఊరంతటినీ ఒకే దెబ్బకి లేపేసే ఫిరంగి. ఎండీ గారు వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డారు.

"బావుందయ్యా. ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వలేదు" అన్నారు.

ఆ మెప్పుతో అడ్మిరల్‌కి వారం రోజులు కడుపు నిండిపోయింది.

బజార్లోకి వదిలే ముందు ఆటని ఎవరైనా ఆడి చూడాలి కదా. అడ్మిరల్ దాన్ని అక్కకి ఇచ్చాడు. అక్కకి బ్యూటీ పార్లర్ ఉంది. చేతిలో కత్తెర లేదంటే ఫోను ఉన్నట్టే. మనిషి మహా మొండి. చిన్నప్పుడు క్యారమ్స్‌లో ఓడిపోతే బోర్డు తిరగేసే రకం. చూస్తూండగానే సగం సముద్రం ఆమెదయింది. ఎదురొచ్చిన ఓడనల్లా ముంచడం, తమ్ముడికి ఫోన్ చేసి "ఇంకోటి పోయిందిరా" అని శుభవార్త చెప్పడం.

ఒక మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"ఒరేయ్, నా ఓడే మునిగింది."

"పోనీలే అక్కా, ఇంకోటి కట్టుకో. కలప ఉందిగా."

"ఓడ సంగతి కాదురా. నా వాళ్ళు నీళ్ళలో ఉన్నారు. నా వైపే చూస్తూ చేతులూపుతున్నారు. ఇప్పుడు ఏం నొక్కాలి?"

"ఏం నొక్కక్కర్లేదు. బొమ్మలు వేసేవాళ్ళు అందానికి పెట్టారు. కాసేపుంటే వాళ్ళే పోతారు."

"పోతారంటే?"

దానికి అడ్మిరల్ దగ్గర రూల్ లేదు.

"మనుషుల్ని ఎక్కించుకునే పడవ ఎన్నో మెట్టులో ఉంది?" అని అడిగింది అక్క.

అతను లేచి వెళ్ళి చార్టు మీద వేలు పెట్టి వెతికాడు. విషవాయువులు మూడు రకాలున్నాయి. కెప్టెన్ టోపీకి బంగారు అంచు కూడా ఒక మెట్టే. రక్షణ పడవ మాత్రం లేదు. తప్పు పట్టకండి. అన్ని ఫిరంగులు కనిపెట్టే హడావుడిలో ఎవరికి మాత్రం తోస్తుంది?

"చూసి చెప్తానక్కా."

"తొందరగా చూడు. ఒకడు చెయ్యి దించేశాడు" అంది అక్క. వెనకాల ఎవరో, "మేడమ్, మొహం మండుతోంది, ఎప్పుడు కడుగుతారు?" అంటున్నారు.

అడ్మిరల్ తిన్నగా ఎండీ గారి గదికి వెళ్ళాడు.

"రక్షణ పడవా? అది దేన్నైనా కాలుస్తుందా?" అన్నారాయన.

"కాల్చదు సార్. నీళ్ళలో పడ్డవాళ్ళని ఎక్కించుకుంటుంది."

"ఎక్కించుకుని?"

"ఒడ్డుకి తెస్తుంది సార్."

ఎండీ గారు చెడ్డవారు కాదు. నిజంగానే ఆలోచించారు. ఆలోచించేకొద్దీ మొహం వెలిగింది.

"పెడదాం. మంచి ఐడియా. ఆఖరి ఫిరంగి తర్వాత పెట్టు. కనిపెట్టడానికి మూడు రోజులు. ఆ చేతులు ఇంకాస్త గట్టిగా ఊపించమని బొమ్మలవాళ్ళకి చెప్పు."

"మూడు రోజులు నీళ్ళలో ఎవరుండగలరు సార్?"

"ఉండలేరనేగా జనం ప్రకటనలు చూసేది" అన్నారు ఎండీ గారు ఓపిగ్గా. "ఇంకో మాట. ఒట్టి పడవంటే బోసిగా ఉంది. దానికి ముందు ఒక మెట్టు పెట్టు. జాలి అని పేరు పెడదాం. జాలి కనిపెడితేనే పడవ రావాలి. జాలికి ముందు ఏమేం కనిపెట్టాలో రాసుకురా."

చూశారా దూరదృష్టి! జాలిలాంటి విలువైన సరుకుని ఎవరికి పడితే వాళ్ళకి పంచిపెడితే దానికి మర్యాద ఏముంటుంది?

ఉక్కుకి ముందు ఏం కావాలో తడుముకోకుండా రాసిన మనిషికి జాలి దగ్గర కలం సాగలేదు. చదువు అని రాసి కొట్టేశాడు. వయసు అని రాసి కొట్టేశాడు. తీరిక అని రాసి, ఎండీ గారికి అది బోలెడంత ఉందని గుర్తొచ్చి, అదీ కొట్టేశాడు. చివరికి పార్లర్‌కి వెళ్ళాడు. అక్క ఎవరిదో జుట్టు చిక్కు తీస్తోంది. ఆ రోజు నుంచి ఆట తెరవలేదట.

"అక్కా, జాలి కలగాలంటే ముందు ఏం ఉండాలి?"

"ఎవడో ఒకడు నీళ్ళలో ఉండాలి" అంది అక్క, దువ్వెన ఆపకుండా.

అతను ఆఫీసుకి తిరిగొచ్చి రాసిచ్చాడు. ముందు కనిపెట్టవలసినవి: ఏమీ లేవు. పట్టే సమయం: లేదు.

ఎండీ గారు చదివి కళ్ళజోడు తీశారు.

"ఇలాగైతే ఇది అందరికీ వచ్చేస్తుంది."

"అవును సార్."

"మొదట్లోనే వచ్చేస్తుంది."

"అవును సార్."

"అప్పుడు ఫిరంగుల దాకా ఎవడెళ్తాడయ్యా?"

అడ్మిరల్ అంత దూరం ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాడు. కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"మార్చుకురా" అన్నారు ఎండీ గారు.

"మార్చను సార్."

ఆ నెలాఖరుకి అతని కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. అడ్మిరల్ అక్క పార్లర్‌లో కౌంటర్ దగ్గర ఫోన్లు ఎత్తుతూ వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఆట మాత్రం బజార్లోకి వచ్చింది. ఎవరి చేతిలో చూసినా అదే. అందులో జాలి నలభై ఒకటో మెట్టు. దానికి ముందు ముప్పై ఫిరంగులు, మూడు విషవాయువులు, ఒక టోపీ. పట్టుదల అంటే ఏమిటో జనానికి ఇప్పుడు తెలిసొచ్చింది.

మొన్న సాయంత్రం ఆ పార్లర్ ముందే ఒక పెద్దాయన స్కూటర్ జారి పడ్డాడు. చుట్టూ పదిమందిమి చేరాం. అందరి చేతుల్లోనూ ఫోన్లు. ముప్పయ్యో మెట్టు దాటిన పెద్దమనుషులు కూడా ఉన్నారు. అయినా ఎవరూ తొందరపడలేదు. నలభై ఒకటికి ఇంకా ఎవరమూ చేరలేదు కదా. ఈలోగా అడ్మిరల్ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి, మమ్మల్ని నెట్టుకుంటూ వెళ్ళి, ఆయన్ని లేవనెత్తి భుజం మీద వేసుకుని తీసుకుపోయాడు.

రూల్స్ రాసిన మనిషే ఇంత పద్ధతి లేకుండా ప్రవర్తిస్తే ఎలాగండీ?