నాన్న కారు దగ్గు

ఆ ఆదివారం పొద్దున్న, నాన్న అంబాసిడర్ కారుకు మళ్ళీ పాత కార్బురేటర్ బిగించాలని హరికిషన్ పూనుకున్నాడు. కార్ఖానా అనే పేటలో వాళ్ళ ఇంటిముందు ఆ కారు కదలక ఏళ్ళయింది. తండ్రి పర్వతాలు చనిపోవడానికి కొన్నాళ్ళ ముందు దానికి కొత్త కార్బురేటర్ వేయించాడు. దాంతో పాత దగ్గు పోయి కారు మెత్తగా నడిచింది. సందు మలుపులోనే వినబడే బండి మూగబోయిందని, మనిషి వచ్చేది సుత తెలుస్తలేదని కమలాబాయి మొగుణ్ణి సాధించేది. కరోనాలో ఆయన ఆస్పత్రికి వెళ్ళి మళ్ళీ రాలేదు. పరామర్శకు కూడా ఎవరూ రాలేకపోయారు. ఆనాటి నుంచి ఆవిడ కంట చుక్క నీరు లేదు, నోట పట్టుమని పది మాటలు లేవు. లోపలే కుళ్ళి అమ్మ చిక్కిపోతోంది. ఆ దగ్గు ఒక్కసారి వింటే మనసారా ఏడుస్తుందని కొడుకు ఆశ.

నాన్నతో లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసిన సైలస్ సాయానికొచ్చాడు. ఇద్దరూ పాతదాన్ని కడిగి బిగించారు, కొత్త బ్యాటరీ పెట్టారు. హరికిషన్ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. అంతటితో ఊరుకోక, నాన్న ఫోటోకు చామంతి దండ వేసి కారు ముందు స్టూలు మీద నిలబెట్టాడు. తాళం తిప్పితే దగ్గు రాలేదు, పెట్రోలు పొంగింది. అది ఆరేదాకా తాళం ముట్టుకోవద్దన్నాడు సైలస్. అమ్మను కూడా పిలిచి ముగ్గురూ గేటు ముందు కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఎండకు సైలస్ నెత్తిన తువ్వాలు కప్పుకుని తల దించుకున్నాడు.

ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగిన విజయనగరం పోలరాజు బాల్కనీలోంచి ఇదంతా చూశాడు. చావింట్లో ప్రశ్నలు వేయకూడదన్న మర్యాద తెలిసినవాడు కనుక ఎవరినీ అడగలేదు. హరికిషన్ గారింట్లో పెద్దవారు పోయారని కాలనీ గ్రూపులో పెట్టేశాడు. పర్వతాలు ఎప్పుడో పోయాడని తెలిసినవాళ్ళు, మిగిలిన పెద్దవారెవరో లెక్క వేసుకుని కమలాబాయి కోసం కళ్ళు తుడుచుకున్నారు.

కాసేపటికి దండలొచ్చాయి. ఎవరో పుణ్యాత్ముడు డప్పులవాళ్ళకు కబురంపాడు. చిలకలగూడ నుంచి ఆవిడ చెల్లెలు సుకన్య ఆటో దిగుతూనే "నన్నిడిసి పోయినవా అక్కా" అని శోకం తీస్తూ పరుగెత్తుకొచ్చి, ఎదురైన ఒళ్ళో వాలిపోయింది. ఆ ఒడి కమలాబాయిదే. తల నిమిరే చెయ్యి ఎవరిదో తెలిశాక సుకన్య శోకం సగంలో ఆపి అక్క మొహం తడిమి చూసింది. డప్పు ఆగిపోయింది.

పోలరాజు చేతులు జోడించాడు. "తప్పయిపోనాదమ్మా. ఈళ్ళందర్నీ ఎలిపొమ్మంటాను."

హరికిషన్ సిగ్గుతో చితికిపోయి దండలు దాచబోయాడు. కమలాబాయి ఆపింది.

"ఎందుకు పంపుతవు బిడ్డా? ఆయన పోయిననాడు ఒక్కలు సుత రాలె. గోడలతోని ఏం జెప్పుకొని ఏడుద్దు? గిప్పుడన్న వచ్చిన్రు. కూసోండ్రి."

తన కోసం తెచ్చిన దండలన్నీ తీసుకుని మొగుడి ఫోటోకు వేసింది. ఇన్నేళ్ళ ఏడుపూ అప్పుడొచ్చింది. సుకన్య ఏడ్చింది, సైలస్ ఏడ్చాడు, ఆయన్ని ఎన్నడూ కలవని పోలరాజూ ఏడ్చాడు. ఏం చేయాలో తోచక హరికిషన్ కారులో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను ఖళ్ళుఖళ్ళున దగ్గుతూ అందుకుంది. ఆ శోకాల్లో అది ఎవరికీ వినపడలేదు. అతను స్టీరింగు మీద తల ఆనించి తనివితీరా ఏడ్చాడు.

సాయంత్రం పోలరాజు గ్రూపులో సవరణ పెట్టాడు: చావు నిజమే, తేదీ ఒక్కటే తప్పు.