కాలు తొక్కినందుకు కాదు

యాభై దాటిన ప్రతి మనిషినీ ఏడాదికి ఒక్కసారైనా డాన్స్ ఫ్లోర్ మీదికి తోసి బయట గడియ పెట్టాలని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. చాలా ఆలోచించి చెబుతున్నాను!

ఈ మధ్య ఏ పుట్టినరోజుకి వెళ్లినా మనల్ని కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఒకప్పుడు పిలిస్తే వెళ్లేవాళ్లం, తినేవాళ్లం, పక్కవాళ్ల చీర రంగు గురించి నాలుగు మాటలు అనుకుని ఇంటికి వచ్చేవాళ్లం. ఇప్పుడు కేకు గొంతు దిగకముందే ఎవరో వచ్చి చెయ్యి పట్టి లాగుతారు. రాదంటే వినరు. నడుం నొప్పి అంటే నమ్మరు. మోకాలికి పట్టీ చూపిస్తే, "స్లో సాంగే ఆంటీ, ఊరికే ఊగండి చాలు" అంటారు. ఊగడానికి నేనేమైనా ఉయ్యాలనా?

ఇదంతా పీడ అని చాలామంది అనుకుంటున్నారు. మొన్నటిదాకా నేనూ అనుకున్నదాన్నే. ఇప్పుడు మాత్రం ఇది వరం అంటున్నాను. ఎందుకో వినండి.

నాకో స్నేహితురాలుంది. హాస్టల్లో నా పక్క మంచం. పొద్దున అయిదింటికల్లా తను లేచి, మిగతా పదకొండుమందినీ లేపి, లేవనివాళ్ల దుప్పట్లు లాగేసేది. అందుకని అలారం అని పేరు పెట్టాం. పెళ్లయ్యాక విదేశం వెళ్లిపోయింది. అక్కడ ఒక కళ్లద్దాల దుకాణంలో, వెనకగదిలో, అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో బిగిస్తుంది. అలాంటి మనిషికి యాభై ఏళ్లు నిండుతున్నాయి. నన్ను రమ్మంది.

రమ్మంది అంటే నోటితో కాదు. ఫోన్‌లో ఒక కేకు బొమ్మ, ఒక విమానం బొమ్మ, ఒక ప్రశ్నార్థకం పంపింది. అంతే. ఆరేళ్లుగా మా స్నేహం బొమ్మల్లోనే నడుస్తోంది. బొటనవేలు, పువ్వు, జోడించిన చేతులు. తప్పు నాదే.

ఆరేళ్ల కిందట తను మా ఇంటికి వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి. గిన్నె దించడానికి తనకి పట్టకారు కావాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "ఇటివ్వవే, అదీ... పట్టుకునేది... ముక్కుది" అంది. పాలు పొంగిపోయాయి. ఇద్దరం పొయ్యిగట్టు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాం.

అక్కడితో ఆగి ఉంటే నేను మనిషినే. కానీ నేను కాలమిస్టుని కదా! ఆ వారమే ‘ముక్కుది’ అని శీర్షిక పెట్టి, పరాయి దేశాలకి పోయి మాటలు పారేసుకుని వచ్చేవాళ్ల మీద పేజీ నిండా రాశాను. పేరు రాయలేదు. పేరొక్కటే రాయలేదు. తన పని, తన జడ, తను గిన్నె చుట్టూ చేతులు తిప్పిన తీరు, అన్నీ రాశాను. మీరంతా ఎంత మెచ్చుకున్నారో! ఒక పెళ్లిలో అయితే ముక్కూమొహం తెలియని ఆవిడ నన్ను ఆపి, "మీ ముక్కుదావిడ బాగున్నారా?" అని అడిగింది.

ఆ ముక్కుదావిడ నన్ను ఒక్క మాట అనలేదు. కోప్పడలేదు, దెప్పలేదు. ఒక బొటనవేలు బొమ్మ పంపింది. ఆ రోజు నుంచి నాతో మన భాషలో ఒక్క ముక్క మాట్లాడలేదు, ఒక్క అక్షరం రాయలేదు.

అందుకని బయల్దేరాను. పుట్టినరోజు ఒక వంక. తనకి క్షమాపణ చెప్పాలి, మళ్లీ తన నోట మన మాట వినాలి. ఆరు రోజులున్నాను. ఒక క్షమాపణకి ఎంతసేపు పడుతుంది? పది నిమిషాలు?

ఆ పది నిమిషాలు దొరికితే ఒట్టు!

అలారం ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. ఏడూ పదికి టీ. ఏడూ నలభైకి స్నానం, అదీ నాది. ఎనిమిదీ ఇరవైకి బయటికి. మధ్యాహ్నం నాలుగింటికి ‘విశ్రాంతి’ అని కూడా ఉంది. మాటలు అన్న గడి మాత్రం లేదు. నాకు అన్నీ చూపించింది, అన్నీ తినిపించింది, రాత్రి దుప్పటి కూడా కప్పింది. అన్నీ ఇంగ్లీషులోనే. ఏర్‌పోర్ట్ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి కూడా నాతో అంత మర్యాదగా మాట్లాడలేదు.

రెండో రోజు తన పనిగదికి తీసుకెళ్లింది. సాన మిషన్ తిరుగుతోంది. ఇదే అదను అనుకుని, ఆ చప్పుడు మీదుగా, నీతో ఒక సంగతి చెప్పాలి అని అరిచాను. తను చెవుల్లో బిరడాలు తీయకుండానే నవ్వి, నాకూ ఒక జత ఇచ్చింది. మూడో రోజు లిఫ్టులో ప్రయత్నించాను. అయిదో అంతస్తు నుంచి కిందికి ఇరవై సెకన్లు. గొంతు సవరించుకునేసరికి మూడో అంతస్తులో కుక్కతో ఒకాయన ఎక్కాడు. కుక్క ముందు క్షమాపణ చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ అది నా చెప్పు నాకుతోంది, నాకు నవ్వొచ్చేసింది.

ఆ సాయంత్రం తన భర్త గిన్నెలు కడుగుతూ నన్ను పక్కకి పిలిచారు. "ఏమనుకోకు చెల్లెమ్మా, నాతో ఇంట్లో గలగలా వాగుతూనే ఉంటుంది. నువ్వు వంటింటి గుమ్మంలోకి రాగానే ఇంగ్లీషులోకి దూకేస్తోంది. ఏం జరిగింది మీ ఇద్దరికీ?"

‘ముక్కుది’ రాశానని చెప్పాను. ఆయన గిన్నె తోమడం ఆపి, "అది నేనూ చదివి నవ్వానమ్మా. వారం రోజులు నాతోనూ ఇంగ్లీషే. నీతో ఇంకా అదే నడుస్తోందనుకోలేదు" అన్నారు.

ఇక పుట్టినరోజు. శనివారం మధ్యాహ్నం మూడింటికి, వీధి చివర హాల్లో. చెక్క నేల, గోడ వారగా మడత కుర్చీలు, తలుపు పక్కన చెప్పుల వరస. నలభైమంది. వచ్చినవాళ్లంతా జంట డాన్స్ చేయాల్సిందే అని అలారం శాసనం. నేర్పడానికి ఒక మాస్టారు వచ్చాడు. ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడట. మెళ్లో విజిల్.

పద్ధతి ఇదీ. జంటలో ఒకరు ఆడించేవాళ్లు, ఒకరు ఆడేవాళ్లు. ఇరవై జంటలు గుండ్రంగా నిలబడాలి. మగవాళ్లు తక్కువయ్యారు కాబట్టి అలారం ఆడించేవాళ్లలో చేరింది. ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా ఒకరు ఆడించినట్టు ఆడుతూ, ఇంకొకరిని ఆడిస్తూ బతికిన నాకు ఇందులో కొత్తేముంటుందనుకున్నాను. అప్పుడు మాస్టారు విజిల్ వేసి ఒకే ఒక్క నిబంధన చెప్పాడు.

ఫ్లోర్ మీద ఎవరూ సారీ చెప్పకూడదు!

గుంట వచ్చినప్పుడల్లా బస్సు ఆపి ప్యాసింజర్లకి సారీ చెబితే బస్సు ఎప్పటికి చేరుతుంది అని ఆయన వాదన. కాళ్లు తొక్కండి, తొక్కించుకోండి, కదులుతూ ఉండండి. పొరపాటున ఎవరైనా సారీ అన్నారో, ఆ క్షణమే పక్క జంటలో ఆడే మనిషితో చోటు మార్చుకుని ముందుకి పోవాలి. అదీ శిక్ష.

ఆ ఒక్క మాట చెప్పడానికి సముద్రాలు దాటి వచ్చానా? ఉన్న మాటలన్నిటిలో ఆ ఒక్క మాట మీదే నిషేధమా?

పాట మొదలైంది. నాకు మొదట దొరికింది ఒక ప్లంబర్. రెండో అడుగులోనే ఆయన బూటు తొక్కి సారీ అన్నాను. విజిల్! తరువాత ఒక పళ్ల డాక్టరు. సారీ. విజిల్! మూడోసారి విజిల్ మోగాక గానీ నాకు వెలగలేదు. ఇది శిక్షా? కాదు, లిఫ్టు! ఒక్కో సారీకి నేను ఒక్కో మనిషిని దాటి అలారం వైపు జరుగుతున్నాను!

ఇక చూడండి నా మర్యాద. కాలు తొక్కకుండానే సారీ చెప్పాను. చెయ్యి అందుకోకముందే సారీ చెప్పాను. ఒకాయన తన కాలే నా కాలి మీద వేసి నిలబడితే ఆయనకీ చెప్పాను. అలారం వాళ్ల మేనేజరుకి నమస్కారంతో కలిపి చెప్పాను. ఒక్క పాటలో తొమ్మిదిమందిని మార్చిన ఆడదాన్ని మా వంశంలో నేనే అయి ఉంటాను. మా అమ్మమ్మ చూస్తే ఏమనేదో తలుచుకోవడానికి కూడా తీరిక లేదు.

చివరికి అలారం చెయ్యి నా చేతిలో పడింది. సాన మిషన్ దగ్గర గట్టిపడిన వేళ్లు. సంతోషం పట్టలేక తన కాలి బొటనవేలు మీద పూర్తి బరువుతో దిగాను. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సారీ."

విజిల్.

ఆరేళ్లు దాచుకున్న మాట ఒక బొటనవేలికి ఖర్చయిపోయింది! పైగా ఇప్పుడు తనని దాటిపోయాను. మళ్లీ తన దగ్గరికి రావాలంటే గుండ్రమంతా తిరగాలి. పంతొమ్మిదిమంది!

తిరిగాను. పంతొమ్మిదిమంది అపరిచితులకి పంతొమ్మిది క్షమాపణలు చెప్పాను. ఒక్కటి కూడా గొంతులో అడ్డం పడలేదు. ఎవరికీ ఉత్తరం రాయాలనిపించలేదు, ఎవరి దగ్గరా పది నిమిషాలు అడగలేదు. అందరూ నవ్వారు, అందరూ క్షమించారు. మాస్టారు నన్ను చూసి విజిల్ వేయడం మానేసి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు, బస్సుకి దారి ఇస్తున్నట్టు.

రెండోసారి అలారం ముందుకి వచ్చేసరికి నాకు ఆయాసం. పెదవులు బిగించుకున్నాను. తను నా చెయ్యి పైకెత్తింది. అంటే నేను ఏదో చేయాలి. పావుగంట కిందటే నేర్పారు. దానికి ఒక పేరు కూడా చెప్పారు. ఆ పేరు చచ్చినా గుర్తు రావడం లేదు.

"ఇప్పుడు చెయ్యాలా అది? అదేనే... చెయ్యి పైకెత్తి... కింద నుంచి దూరేది" అన్నాను.

అలారం నా మొహంలోకి చూసింది.

"ఏది, ముక్కుదా?" అంది.

మన భాషలో! ఆరేళ్ల తరువాత! నేను చెయ్యి కింద నుంచి దూరడం మానేసి అక్కడే నిలబడిపోయాను. వెనక జంట వచ్చి మాకు తగిలింది. సారీ అనకూడదు. క్షమించు అంటే నాటకంలో డైలాగులా ఉంటుంది. మరి మనవాళ్లు మనవాళ్లతో ఏమంటారు? అదే నోట్లోంచి వచ్చింది.

"ఏమీ అనుకోకే" అన్నాను. "కాలు తొక్కినందుకు కాదు."

"తెలుసు" అంది. రెండడుగులు వేయించింది. "అనుకున్నానే. ఆరేళ్లు అనుకున్నా. నువ్వు నవ్వినందుకు కాదు, నేనూ నవ్వా. నీ ఒక్కదానికి చెప్పిన మాట ఊరందరికీ వినిపించావు. అప్పట్నుంచి నీతో ఏదన్నా అనాలంటే ముందు తప్పుందేమో చూసుకుంటున్నా. నీ దగ్గర కూడా చూసుకుని మాట్లాడాలంటే, ఇంక మాట్లాడ్డం దేనికి?"

వాక్యాలు రాసి బతికే నేను "సారీ" అనే అన్నాను, పైకే.

మాస్టారు చెయ్యి ఊపుతూ మా వైపు వచ్చాడు. అలారం నా చెయ్యి వదల్లేదు. ఆయన వైపు తిరిగి, "మీరు అవతలికి పొండి మాస్టారూ, ఇది నాతోనే ఉంటుంది" అంది. ఏ భాషలో అంటోందో తనకే తెలియదు. ఆయనకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా బుద్ధిగా వెళ్లిపోయాడు.

ఆ తరువాత పదకొండు పాటలు మోగాయి. మేం ఒక్కదానికీ ఆడలేదు. గోడ వారగా మడత కుర్చీల్లో కూర్చున్నాం. అలారం మాట్లాడింది. ఎలా మాట్లాడింది! పోయిన వారాన్ని ‘వెళ్లిన వారం’ అంది, పెనం మూకుడయింది, మరదలు ఒదినయింది. నేను చూసుకోలేదు, తను చూసుకోలేదు. కేకు కోయడానికి భర్త మూడుసార్లు వచ్చి పిలిచారు. మూడోసారి ఆయనకీ ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఫ్రిజ్ మీది కాగితంలో శనివారం గడి ప్రకారం కేకు నాలుగూ పదికి. కోసింది అయిదున్నరకి.

కాబట్టి పాఠకులారా, సోషల్ డాన్స్ ఎంత గొప్పదో మీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది. అది లేకపోతే మడత కుర్చీలు ఎవరు వేస్తారు? ఇద్దరు స్నేహితురాళ్లు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడానికి పాస్‌పోర్టు, వీసా, నలభైమంది అతిథులు, విజిల్‌తో ఒక డ్రైవరు ఉంటే చాలు. ఇంతకన్నా సులువైన దారి ఏదైనా ఉందా? ఆరేళ్ల కిందటే ఒక ఫోన్ చేసి ఉండొచ్చుగా అంటారా? చేయొచ్చు. అలారం మాత్రం ప్లంబరో పళ్ల డాక్టరో అయి ఉండాలి. అలాంటివాళ్లకయితే నాకు సారీ ఇట్టే వచ్చేస్తుంది.

ఇంటికి వచ్చాక ఇదంతా రాసి, పత్రికకి పంపేముందు అలారానికి ఫోన్ చేసి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. నా రాత జీవితంలో అచ్చుకి ముందు ఒక మనిషి అనుమతి అడగడం ఇదే మొదటిసారి. తను నవ్వాల్సిన చోటల్లా నవ్వింది. ముక్కుది ఉండనిమ్మంది. ఆ కుర్చీల దగ్గర తను ఇంకో మాట అంది. దాని మీద నేను ఒక పేరా రాశాను. ఒట్టేసి చెబుతున్నాను, ఇరవై ఏళ్లలో అంత నవ్వొచ్చే పేరా నేను రాయలేదు.

"అది మన ఇద్దరికే ఉండనీ" అంది.

కొట్టేశాను. అందుకే ఈ వారం కాలమ్ కాస్త పొట్టిగా ఉంది. ఏమీ అనుకోకండి.