పొగమంచులో ప్రారంభోత్సవం

సూర్యోదయాన్ని ఇకపై సామాన్యుడికి కూడా అందుబాటులోకి తెస్తున్నట్టు మా మంత్రిగారు ప్రకటించారు.

"ఇన్నాళ్లూ కొండ మీద సూర్యోదయాన్ని డబ్బున్నవాళ్లే చూశారు. గత పాలకుల హయాంలో సూర్యుడు ఏ పక్కన ఉదయిస్తాడో కూడా సామాన్యుడికి చెప్పిన నాథుడు లేడు. ఆ అన్యాయాన్ని మేం సరిదిద్దుతాం" అని ఆయన అనగానే హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. నేను ఫొటోగ్రాఫర్ని. చేతులు ఖాళీ లేక మనసులోనే కొట్టుకున్నాను చప్పట్లు.

మా మంత్రిగారి గురించి పాఠకులకు రెండు ముక్కలు చెప్పాలి. పర్యాటక శాఖతో పాటు రోడ్లు, వంతెనల శాఖ కూడా ఆయన చేతిలోనే ఉంది. ఆ శాఖ పని మీద వెళ్తే ఈ శాఖ పనిలో ఉంటారు, ఈ శాఖ పని మీద వెళ్తే ఆ శాఖ పనిలో ఉంటారు. ఇంత ఒత్తిడిలోనూ సూర్యుడి బాగోగులు పట్టించుకున్నారంటే ఆ మనసు ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

పథకం పేరు "ప్రజా సూర్యోదయం". తెల్లవారుజామున బస్సు ఎక్కించి, కొండ మీద వ్యూ పాయింట్‌కి తీసుకెళ్లి, గైడ్ చేత అన్నీ చూపించి కిందికి దింపుతారు. మొదటి టూర్‌కి మంత్రిగారే స్వయంగా వస్తారట. ఆ టూర్‌కి గైడ్ మా బావ.

మా బావ ఏళ్ల తరబడి ఆ కొండ మీద టెంపరరీ గైడ్. కామెంటరీ ఒంట్లో ఇంకిపోయిన మనిషి. అన్నం దగ్గర ఉప్పు ఎక్కడుందని అడిగితే "మీ కుడి చేతి వైపు చూడండి" అంటాడని మా అక్క గోల. వాళ్ల ఇల్లు నది అవతల. పాత వంతెన వరదకి కొట్టుకుపోయింది. కొత్త ఇనప వంతెన ముక్కలు ముక్కలుగా వచ్చి ఇవతల ఒడ్డున వంతెనల శాఖ యార్డులో పడి ఉంది. బిగించమని మంత్రిగారు ఒక్క మాట అంటే వారంలో బిగించేస్తామని చీఫ్ ఇంజినీరుగారు ఎవరడిగినా చెబుతారు. ఆ మాట మంత్రిగారి నోట రావాలి కదా. అప్పటిదాకా పడవే గతి. నది కాస్త పొంగితే అదీ కదలదు. మా అక్కకి ఎనిమిదో నెల. ఆసుపత్రి ఇవతల ఉంది.

"ఇదే అదును బామ్మర్దీ" అన్నాడు బావ, టూర్ ముందు రోజు. "మంత్రిగారు వ్యూ పాయింట్ మీద నిలబడితే రెండు ఒడ్లూ, మధ్యలో ఖాళీ అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తాయి. కళ్లారా చూశాక బిగించమనకుండా ఎలా ఉంటాడు?"

"మధ్యలో నేనేం చెయ్యాలి?" అంది అక్క.

"నువ్వు రేవులో నిలబడి ఎర్ర దుప్పటి ఊపు. సార్, అదిగో నా భార్య, నిండు గర్భిణి, అని నేను పైనుంచి చూపిస్తాను."

"అంటే ఆయనకి నా పొట్ట చూపించి వంతెన అడుగుతావన్నమాట."

"పొట్ట అంత దూరం కనిపించదులేవే. దుప్పటి కనిపిస్తే చాలు."

అక్క బావని ఎగాదిగా చూసింది. చూసి, దుప్పటి ఉతకడానికి లేచింది.

మర్నాడు చీకటి ఉండగానే బస్సు బయల్దేరింది. మంత్రిగారికి ఆ వేళప్పుడు లేచే అలవాటు లేదు. అయినా ప్రజల కోసం లేచారు. సగం దారి కళ్లు మూసుకునే కిటికీలోంచి చెట్లకి నమస్కారాలు పెడుతూ వచ్చారు. పక్క సీట్లో పీఏగారు, వెనక సీట్లో చీఫ్ ఇంజినీరుగారు. పథకం సామాన్యుడి కోసం కనక సామాన్యుడు కూడా ఒకడుండాలని పార్టీ ఆఫీసు వాళ్లు ఒకర్ని పంపారు. పాత ఇనుము వ్యాపారం చేసే కార్యకర్త ఆయన. చొక్కాకి మోచేతి దగ్గర చిరుగు పెట్టించారు గానీ ఇస్త్రీ మడత మాత్రం నలగలేదు.

వ్యూ పాయింట్ మీద దిగేసరికి పొగమంచు. మామూలు మంచు కాదు, నాలుగడుగుల అవతల మనిషి కనిపించడం లేదు. ఏమీ కనిపించడం లేదని మంత్రిగారికి చెప్పడం ఏ శాఖ పనో తేలక అధికారులు ఒకరి మొహాలొకరు చూసుకోబోయారు. మొహాలూ కనిపించలేదు.

మంత్రిగారు రెయిలింగ్ దాకా నడిచి, నడుం మీద చేతులు వేసుకుని, ఆ తెలుపు వైపు చాలాసేపు చూశారు.

"అద్భుతం" అన్నారు.

"అద్భుతం సార్" అన్నారు పీఏగారు.

"సామాన్యుడు ఏమంటున్నాడు?"

"కళ్లు చెమర్చాయండి" అన్నాడు సామాన్యుడు, రెప్పల మీద మంచు తుడుచుకుంటూ.

బావ గొంతు సవరించుకున్నాడు. "సార్, కాసేపు ఆగితే మంచు విడిపోతుందండి. ఈలోగా మీ ఎడమ చేతి వైపు చూడండి. కింద నది ఉంది. నది మీద..."

"వంతెన" అన్నారు మంత్రిగారు.

"వంతెన లేదండి. అదే మనవి చేసుకుందామని..."

"లేదా?" మంత్రిగారు వెనక్కి తిరిగారు. "లేనట్టు నీకు కనిపిస్తోందా?"

"ఈ మంచులో ఏమీ కనిపించదు కదండీ."

"కనిపించనప్పుడు లేదని ఎలా అంటావయ్యా?"

పీఏగారు తన్మయత్వంతో తల ఊపుతున్నట్టు అలికిడిని బట్టి తెలిసింది.

"మా ఇల్లు అవతలే సార్. రోజూ పడవ మీదే వస్తాను. నా భార్య ఇప్పుడు కూడా రేవులో..."

"చీఫ్ ఇంజినీర్ ఏడీ?"

"ఇక్కడే ఉన్నాను సార్" అంది మంచులోంచి ఒక గొంతు.

"ఆ నది మీద వంతెన ఉందా, లేదా?"

ఆ క్షణంలో చీఫ్ ఇంజినీరుగారి బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. లేదంటే ఎందుకు లేదని అడుగుతారు. మీ మాట కోసమే ఆగిందంటే తప్పు మంత్రిగారిదవుతుంది. ఉందంటే ఇంకెవరూ ఏమీ అడగరు.

"ఉంది సార్. పూర్తయిపోయింది."

"మరి ప్రారంభోత్సవం చెయ్యలేదేం?"

"తమరి టైం కోసమే చూస్తున్నాం సార్."

"ఇప్పుడు వచ్చాం కదా" అన్నారు మంత్రిగారు. నిర్ణయాలు ఆయన అంత చప్పున తీసుకుంటారు. "ఇక్కణ్ణించే చేసేద్దాం. కిందికి దిగి, మళ్లీ అక్కడిదాకా వెళ్లి, ప్రజాధనం ఎందుకు వృథా?"

టూర్ ప్రారంభానికని తెచ్చిన రిబ్బన్ ఉండనే ఉంది. రెయిలింగ్‌కి అడ్డంగా కట్టారు. కత్తెర దొరక్క సామాన్యుడు జేబులోంచి గోళ్లు తీసుకునేది ఇచ్చాడు. మంత్రిగారు దాంతోనే కొరికి కొరికి రిబ్బన్ తెంపారు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కవాడు కొడుతుంటే బావ చేతులు కూడా వాటంతటవే కలిశాయి. సరిగ్గా అప్పుడే నా కెమెరా నొక్కుకుంది.

"వంతెన ఫొటోలో పడాలి" అని నా చెవిలో చెప్పారు పీఏగారు.

"ఎక్కడుందండి?"

"అంత వివరం నీకెందుకు? సార్ భుజం మీదుగా తియ్యి."

తీశాను. ఈలోగా తూర్పున ఎక్కడో కాస్త వెలుగు వచ్చింది. మంచు పల్చబడుతోంది. బావకి ప్రాణం లేచొచ్చి రెయిలింగ్ మీద సగం వంగిపోయాడు.

"సార్! విడిపోతోంది సార్! రెండే రెండు నిమిషాలు! సూర్యుడొస్తాడు, అన్నీ కనిపిస్తాయి!"

చీఫ్ ఇంజినీరుగారు ఒక్క అంగలో మంత్రిగారి పక్కకి చేరారు. "సార్, మంచు విడిచేటప్పుడు వచ్చే చలి మంచిది కాదంటారు. గొంతు పోతుంది. సాయంత్రం తమరి సభ ఉంది."

మంత్రిగారు గొంతు పట్టుకుని పరుగులాంటి నడకతో బస్సెక్కేశారు. సూర్యోదయాన్ని ప్రజలకి అంకితం చేసిన మనిషి, అది అయ్యేదాకా ఆగి తను చూడాలని ఆశపడలేదు. ఆ త్యాగం అందరికీ రాదు.

నన్నూ బావనీ కొండ మీదే వదిలేసి బస్సు మలుపు తిరిగిన కాసేపటికి మంచు మొత్తం తొలగిపోయింది. నది మెరుస్తోంది. ఈ ఒడ్డు, ఆ ఒడ్డు, మధ్యలో నీళ్లు. అవతలి రేవులో ఎర్ర దుప్పటి ఊగుతోంది. అక్క ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో ఊపుతూనే ఉంది. బావ ఆగమని ఇక్కణ్ణించి చేతులు ఊపాడు. ఆమె ఇంకా గట్టిగా ఊపింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలోనే నా ఫొటో. మంత్రిగారు, వెనక అంతా తెలుపు, పక్కన చప్పట్లు కొడుతున్న మా బావ. కింద "నూతన వంతెనను తిలకిస్తున్న మంత్రివర్యులు, ఆనందంలో స్థానికుడు" అని వేశారు.

ఇక అభివృద్ధి ఆగలేదు. వంతెన వచ్చేసింది కనక పడవ దండగని రేవులో దానికి తాళం వేశారు. వంతెన పూర్తయ్యాక యార్డులో ఇంకా ముక్కలు మిగలడమేంటని పై అధికారులు నిలదీస్తే, చీఫ్ ఇంజినీరుగారు వాటిని మిగులు సామాను కింద వేలం వేయించారు. సామాన్యుడే పాడుకున్నాడు. బావ ఒక అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ప్రతి ఆఫీసులోనూ పేపరు తీసి ఫొటో చూపించారు.

"ఈ చప్పట్లు కొట్టేది నువ్వే కదా?"

"నేనేనండి. కానీ..."

"ఇంత సంబరపడ్డవాడివి మళ్లీ ఏ మొహం పెట్టుకుని వంతెన అడుగుతున్నావయ్యా?"

మంత్రిగారు కూడా ఆ ఫొటో చూసి ముచ్చటపడి బావని పర్మనెంట్ చెయ్యమన్నారు. కామెంటరీలో ఎడమ చేతి వైపు వంతెన చూపించాలన్నది ఒక్కటే షరతు. అవతలి నుంచి రావడానికి దారి లేదు కనక బావ కొండ మీద టికెట్ల గదిలోనే పడుకుని, రోజూ పొద్దున్నే లేచి, మంచులోకి చెయ్యి చాపి వంతెన చూపించేవాడు. జనం చూసి బాగుందనేవారు. ఎండ కాసే రోజుల్లో గేటుకి ఒక బోర్డు వేలాడదీసేవారు: "ఆకాశం నిర్మలంగా ఉన్నందున ఈ రోజు టూర్ రద్దు చేయడమైనది. సహకరించగలరు."

ఒక పొద్దున అక్కకి నొప్పులు మొదలయ్యాయి. పక్కింటావిడ చెయ్యి పట్టుకుని రేవుకి వచ్చింది. అక్కడ కాపలా కానిస్టేబులు ఉన్నాడు.

"పడవ లేదమ్మా. వంతెన మీద వెళ్లండి."

"ఏది వంతెన?"

"పేపరు చదవరా?"

అక్క ఏమందో నేనిక్కడ రాయను, పిల్లలు కూడా చదువుతారు. ఆ మాటలకి కానిస్టేబులు అటు తిరిగి నిలబడ్డాడు. పడవవాడు తాళం పగలగొట్టాడు. నది సగం దాటాక పడవలోనే మేనకోడలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. వంతెనకి పోటీగా పడవ నడిపినందుకు పడవవాడి మీద కేసు పెట్టారు.

ఆసుపత్రి నుంచి పంపించాక పుట్టిన సర్టిఫికెట్ కోసం అందరం మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాం. గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు.

"పుట్టింది ఎక్కడ?"

"నది మధ్యలో, పడవలో" అన్నాడు బావ.

"ఆ నదిలో పడవలు లేవు కదండీ. నది మధ్యలో అంటే వంతెన మీదే అయ్యుండాలి." రాసేశాడు కూడా. "మీరేం చేస్తుంటారు?"

"వంతెన చూపిస్తుంటాను" అన్నాడు బావ చిన్నగా. అక్క ఆయన వైపు చూడలేదు. బావ సంతకం పెట్టాడు.

సాయంత్రానికల్లా పీఏగారు స్వీట్ల డబ్బాతో, అక్కా పాపా ఉన్న మా ఇంటికి పరిగెత్తుకొచ్చారు. "కొత్త వంతెన మీద పుట్టిన తొలి బిడ్డ! సార్ ఎంత పొంగిపోయారో! ఆదివారం పొద్దున్నే వస్తారమ్మా. పాపని ఆ వంతెన మీదే ఎత్తుకుని ఫొటో దిగుతారు. మంచు బాగా ఉంటుందని వాతావరణ శాఖతో కూడా మాట్లాడాం. మీరు పాపని తీసుకుని వంతెన మీదికి వచ్చేస్తే చాలు."

బావ నోరు తెరిచాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. పొత్తిళ్లు సర్దుకుని, ఎంతో మర్యాదగా అంది.

"తప్పకుండా వస్తామండి. కాకపోతే అంత పెద్దవారి కంటే ముందు మేం ఆ వంతెన మీద అడుగు పెడితే ఏం బాగుంటుంది? ఆయన్ని ముందు నడవమనండి. నేను పాపనెత్తుకుని వెనకాలే వస్తాను."

పీఏగారి కళ్లు నిజంగానే చెమర్చాయి. "ఎంత సంస్కారం తల్లీ నీది!" అన్నారు.

కార్యక్రమం కార్డులు అచ్చయి వచ్చాయి. "మంత్రివర్యులు ముందుగా వంతెనపై పాదం మోపుతారు" అని బంగారు అక్షరాలతో ఉంది. వద్దని చెప్పాలంటే వంతెన లేదని చెప్పాలి. చెప్పడం ఏ శాఖ పనో ఇంకా తేలలేదు. ఫొటోలకి నన్నే పిలిచారు. చీఫ్ ఇంజినీరుగారు ఆదివారానికి సెలవు పెట్టారు.