అర కిలో ప్యాకెట్ చేసిన తప్పు

సూపర్ మార్కెట్లను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. ఈ లోకంలో మన గురించి అంతగా ఆలోచించేవాళ్లు ఇంకెవరున్నారు చెప్పండి?

పాతికేళ్లు కాపురం చేసినా నా ఎత్తు ఎంతో మా ఆవిడ సరిగ్గా చెప్పలేదు. వాళ్లకు తెలుసు. అందుకే ఖరీదైన సరుకును సరిగ్గా నా కళ్లకెదురుగా పెడతారు. చవక సరుకును కింది అరలో దాచి, వంగి లేచే వ్యాయామం నాచేత ఉచితంగా చేయిస్తారు. పాల ప్యాకెట్ కోసం వెళ్లినవాణ్ణి దుకాణం చివరిదాకా నడిపిస్తారు. నూరు అంటే మన గుండె గుభేలుమంటుందని తొంభై తొమ్మిది అంటారు. ఈ మాత్రం మర్యాద సొంత అన్నదమ్ములైనా చూపిస్తారా?

మా అత్తగారికి మాత్రం ఈ కృతజ్ఞత బొత్తిగా లేదు. ఆవిడ ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నారు. లెక్క తప్పు చేసిన పిల్లల్ని ఎలా చూసేవారో, సరుకుల బిల్లుతో ఇంటికొచ్చిన నన్నూ అచ్చం అలాగే చూస్తారు. పోయిన నెలలో ఒక ఆదివారం, ఈసారి తనూ వస్తానన్నారు. వద్దనే ధైర్యం నాకు ఎక్కడిది?

బట్టల సబ్బుపొడి దగ్గర ఆవిడ ఆగిపోయారు. రెండు కిలోల ఫ్యామిలీ ప్యాక్ మీద నా అరచేయంత ఎర్రటి స్టిక్కర్ ఉంది. 'భారీ ఆదా' అని. ధర రెండు వందల అరవై. నేను సంబరంగా బండిలో వేశాను. ఆవిడ దాన్ని తీసి మళ్లీ అరలో పెట్టారు.

పక్కనే ఉన్న అర కిలో ప్యాకెట్ ధర అరవై. నాలుగు కొంటే రెండు వందల నలభై. అంటే భారీగా ఆదా చేయాలంటే ఇరవై ఎక్కువ ఇచ్చుకోవాలన్నమాట. ఆదా ఏమైనా ఊరికే వస్తుందా మరి!

ఇంతలో ఒకావిడ మా మధ్య నుంచి చెయ్యి చాచి ఒక్క అర కిలో ప్యాకెట్ తీసుకుంది. పక్క వీధి ఆసుపత్రిలో నేలలు తుడుస్తుందట. ఒంటి మీద ఆ నీలం యూనిఫాం ఇంకా అలాగే ఉంది. మా అత్తగారు ముచ్చటపడిపోయి, ఈ కొట్టు మొత్తంలో తెలివైనదానివి నువ్వొక్కదానివేనమ్మా అని మెచ్చుకున్నారు.

"తెలివేం కాదు పెద్దమ్మా, వారానికి ఇంతే కొనగలను" అంది ఆవిడ.

అత్తగారు అంతటితో ఊరుకునే మనిషి కాదు. మేనేజర్ను పిలిపించి, నా జేబులోని చీటీ వెనక లెక్క వేసి మరీ చూపించారు. టై కట్టుకున్న ఆ పెద్దమనిషి ఎంతో ఓపికగా విన్నాడు. పొరపాటు జరిగిన మాట నిజమేనన్నాడు. వారంలోగా సరిదిద్దుతామన్నాడు. ఆవిడకు ధన్యవాదాలు కూడా చెప్పాడు. ఇంటికి వస్తున్నంతసేపూ అత్తగారి నడక చూడాలి! అంత పెద్ద సంస్థ ఒక రిటైర్డు టీచర్ మాటకు తల వంచింది.

మాట తప్పలేదు సుమా. మరుసటి ఆదివారం వెళ్లేసరికి పొరపాటు సరిదిద్దేశారు. ఫ్యామిలీ ప్యాక్ రెండు వందల అరవై దగ్గరే ఉంది. అర కిలో ప్యాకెట్ డెబ్బై అయింది. నాలుగు కొంటే రెండు వందల ఎనభై. ఇప్పుడు స్టిక్కర్ మీది మాట అక్షరాలా నిజం. తప్పు పట్టడానికి సూదిమొనంత సందు కూడా లేదు.

నీలం యూనిఫాం ఆవిడ కూడా అక్కడే ఉంది. ప్యాకెట్ తీసింది. ధర చూసింది. మళ్లీ అరలో పెట్టేసింది. మమ్మల్ని గుర్తుపట్టి, ఉన్నట్టుండి ఎందుకు పెంచారో ఏమిటోనని అంది. అత్తగారు నా వైపు చూశారు. నేను షాంపూల వైపు చూశాను.

"నా వల్లేనమ్మా" అన్నారు అత్తగారు. ముప్ఫై ఏళ్లలో ఆవిడ గొంతు ఏ పిల్లాడి ముందూ అంత చిన్నబోయి ఉండదు.

తర్వాత ఆవిడ ఫ్యామిలీ ప్యాక్ కొన్నారు. బయట బెంచీ మీద కూర్చుని, కాఫీ మెషీన్ దగ్గరి కాగితం కప్పుతో కొలిచి, పొడిని నాలుగు సంచుల్లోకి సమానంగా పంచారు. ఒకటి నీలం యూనిఫాం ఆవిడకు ఊరికే ఇవ్వబోయారు. ఆవిడ ఒప్పుకోలేదు. తన వాటా అరవై ఐదూ లెక్కపెట్టి చేతిలో పెట్టాకే సంచి అందుకుంది.

అది చూసి దుకాణం సెక్యూరిటీ గార్డు వచ్చాడు. ఇక్కడ వ్యాపారం చేయకూడదన్నాడు. న్యాయమే కదా? లోపల అంత పద్ధతిగా వ్యాపారం జరుగుతుంటే, గుమ్మం ముందు ఈ అన్యాయం ఏమిటి? మేము లేవబోయాం. అతను ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంకో వాటా మిగిలిందా అమ్మా?"

వేసుకున్నది ఆ దుకాణం యూనిఫామే. జీతమిచ్చేదీ ఆ దుకాణమే. ఆ జీతంతో ఆ దుకాణంలోనే భారీగా ఆదా చేయడం మాత్రం అతనికి చేతకాదట!

నన్నడిగితే తప్పంతా ఈ యూనిఫాంల వాళ్లదే. చవకగా కొనుక్కోవాలంటే ముందు చేతిలో డబ్బుండాలి. ఇంత చిన్న కిటుకు వీళ్లకు ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో నాకైతే అర్థం కావడం లేదు.