తేదీ లేని ఆదివారం

తుర్లిబెక్ అగా ఆ ఆదివారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ముగ్గురు స్నేహితులు వస్తారు. తనతో కలిపి నలుగురూ టీ తాగుతారు. ఇంటర్నెట్‌లోని 'వోల్గా మిత్రులు' ఫోరంను ఉంచాలా, మూసెయ్యాలా అన్నది చేతులెత్తి తేల్చేస్తారు. ఒంటిగంటకల్లా ఆయన పడుకుంటాడు.

అల్మాతీ నగరం పక్కనున్న తల్గార్ ఊళ్లో, నీలం గేటున్న ఆ ఇంట్లో కూర్చుని పంతొమ్మిదేళ్లుగా ఆ ఫోరంను ఆయన ఒంటిచేత్తో నడుపుతున్నాడు. ఒకప్పుడు దాని వైభవమే వేరు. పాత వోల్గా కారున్నవాడు అల్మాతీలో ఉన్నా, కాస్పియన్ ఒడ్డున ఉన్నా, బండి కాస్త దగ్గిందంటే ఫోరంలో రాసేవాడు. పదిమంది నాలుగు రోజులు వాదించుకుని, ఒకరి తాతల్ని ఒకరు తలుచుకుని, ఐదో రోజున జబ్బేమిటో తేల్చేవారు. తర్వాత ఫోన్లలోకి వీడియోలొచ్చాయి, జనం అటు పోయారు. బండి దగ్గితే ఆ దగ్గుకే పాట తగిలించి చూపించడం మొదలైంది గానీ, మందు అడిగేవాడు లేడు.

చివరికి ఫోరంలో మిగిలింది నలుగురు. అందులో గెన్నాది లుకిచ్ అనే పాత మెకానిక్, "నలుగురికి ఫోరం ఎందుకయ్యా, ఫోన్లో మాట్లాడుకుంటే పోలా?" అని ఆరు నెలలుగా పోరు పెడుతున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా తుర్లిబెక్‌కు గుండె కలుక్కుమంటుంది. అన్నగారు చనిపోయిన ఏడాదంతా ఆయన తెల్లారి లేచి కూర్చున్నది ఆ ఫోరం ముందే. ఎక్కడో ఎవడో ఇంజన్ వేడెక్కుతోందని ఏడుస్తుంటే, వాణ్ని ఓదారుస్తూ తన ఏడుపు మరిచిపోయేవాడు. దాన్ని మూసెయ్యడమంటే ఆయన దృష్టిలో ఇంకో చావు.

"ఇదిగో, మిమ్మల్నే. ముగ్గురేగా వచ్చేది? బౌర్సాకు రొట్టెలు ఒక పళ్లెం వేయిస్తే చాలుగా?" వంటింట్లోంచి భార్య బాల్జాన్ అడిగింది.

"ముగ్గురే. అందులో గెన్నాది ఉన్నాడు. వాడి వాటాలో రెండు తగ్గించు."

తొమ్మిదిన్నరకు గేటు చప్పుడైంది. తీసి చూస్తే పదకొండుమంది. ఒక్క ముఖమూ ఎరిగినది కాదు. ముందున్న కుర్రవాడు నీలం గేటు మీద చెయ్యి వేసి, "అస్సలామలేకుం అగా. నీలం గేటు ఇల్లు ఇదేనా?" అని పెద్దన్నను పలకరించినట్టు అడిగాడు.

"ఇదే నాయనా. రండి, రండి!"

ఏం పని మీద వచ్చారని ఆయన అడగలేదు. గుమ్మంలోకొచ్చిన మనిషిని ఆ మాట అడగడమూ, ఎప్పుడు పోతావని అడగడమూ అక్కడ ఒకటే. ముందు తిండి పెట్టాలి, తిన్నాక పెద్దవాడెవరైనా చేతులు చాచి దీవెన చదవాలి, ఆ తర్వాతే పని సంగతి. వచ్చినవాడికీ అదే నియమం. రొట్టె నోట్లో పడకముందే పని బయటపెట్టేవాణ్ని ఎవరూ ఏమీ అనరు, వాణ్ని పెంచిన తల్లిని అంటారు. అందుకని తుర్లిబెక్ అడగవలసినవే అడిగాడు. ఇంట్లో అందరూ కులాసానా, పశువులు కులాసానా, దారి సుఖంగా సాగిందా? పశువులు కులాసాయే అని పదకొండుమందీ అన్నారు. అందరూ అల్మాతీ అపార్టుమెంట్లలో ఉండేవాళ్లే.

వాళ్ల చూపులు మాత్రం పెరటి షెడ్డు మీదే ఉన్నాయి. తుర్లిబెక్‌కు అది కనిపించలేదు. ఆయన బుర్రలో అప్పటికే ఒక మెరుపు మెరిసింది. ప్రతి ఫోరంలోనూ చదివి ఊరుకునేవాళ్లు కొందరుంటారు. ఏళ్ల తరబడి చదువుతారు, ఒక్క ముక్క రాయరు. ఫోరం మూతపడుతోందని తెలిసి ఇన్నాళ్లకు కదిలి వచ్చారన్నమాట! ఆయనకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ పదకొండుమందీ టీ సగం తాగేసరికి మరో ఇరవైమంది వచ్చారు. ఇక్కడే చిక్కు మొదలైంది. ఆఖరున వచ్చినవాడు తినేదాకా దీవెన చదవకూడదు. దీవెన కాకుండా మొదట వచ్చినవాడు లేవకూడదు. కాబట్టి వచ్చేవాళ్లు రావడమేగానీ పోయేవాళ్లు లేరు. అడగవలసినవాడు అడగడు, చెప్పవలసినవాడు చెప్పడు. అందరూ మర్యాదగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ టీ మీద టీ తాగుతున్నారు.

వంటింట్లో బాల్జాన్ పిండి చేతులు నడుముకు పెట్టుకుని నిలబడింది.

"ముగ్గురన్నారు."

"అన్నాను."

"నాకు లెక్క రాదనుకున్నారా? పెరట్లో యాభైమంది ఉన్నారు. ఎవరు వీళ్లంతా?"

"నా పాఠకులు!"

"మీ పాఠకులు పిండేమైనా తెచ్చారా?"

తేలేదు. పక్కింటి కుల్యాష్ తెచ్చింది. పెద్ద కడాయి కూడా దొర్లించుకుంటూ తెచ్చి, "డెబ్బయ్యో పుట్టినరోజు చేస్తూ నాకు చెప్పలేదేం వదినా?" అని నిష్ఠూరమాడింది.

"ఆయనకు అరవయ్యారేగా?"

"మరి ఏమిటి విశేషం?"

ఏమిటో బాల్జాన్‌కు మాత్రం తెలిస్తేగా? సొంత ఇంట్లో జరుగుతున్న పండుగ ఏమిటో తెలియదని ఒప్పుకుంటే పరువేం మిగులుతుంది? "మంచి విషయమేలే. తర్వాత చెబుతా" అంది. ఆ మాట గోడ దాటేసరికి తుర్లిబెక్‌కు రాజధాని నుంచి పతకం వచ్చిందయింది. వీధిలోని ఆడవాళ్లంతా టీ కాచే సమోవర్లు పట్టుకుని వచ్చేశారు. పతకం వచ్చిన ఇంట్లో గొర్రెను కోయకపోతే బాగుండదని కుల్యాష్ మొగుడు తన దొడ్లోంచి ఒకదాన్ని తోలుకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే ఎల్నార్ అనే కుర్రవాడు ఫోన్ ఎత్తి పట్టుకుని, వెనక్కి నడుస్తూ గేట్లోంచి వచ్చాడు. "మిత్రులారా, నేను మీ ఎల్నార్‌ని! చెప్పానా లేదా? ఇదే ఆ ఇల్లు! ఇక్కడ మాంసం కూడా వండుతున్నారు!" వాడి వీడియోలు చూసేవాళ్లు రెండు లక్షలమంది. అరగంటలో కార్ల వరుస బజారు దాకా పోయింది. దారికడ్డంగా ఈ బళ్లెవరివని అడగడానికి ఒక పోలీసాయన వచ్చాడు. గుమ్మం దాటాక ఆయనా అతిథే. పళ్లెం ముందు కూర్చోబెట్టారు. పాపం, ఆయనా ఏమీ అడగలేక టీ అందుకున్నాడు.

ఫోరం సభ్యుల్లో ఇద్దరు ఫోన్ చేశారు. "తుర్లిబెక్, మీ వీధిలో ఎవరిదో పెళ్లిలా ఉంది. బండి కదలడం లేదు. మేం వెనక్కి పోతున్నాం."

"పోండి, పోండి. ఇక్కడ మనవాళ్లు రెండొందలమంది ఉన్నారు!" అన్నాడాయన. మనవాళ్లెవరో వాళ్లకు అర్థం కాలేదు. పెళ్లి హడావుడిలో ఏదో అన్నాడనుకుని ఫోన్ పెట్టేశారు.

గెన్నాది లుకిచ్ ఒక్కడే ఎలాగో సందుల్లోంచి దూరి, తన బూడిదరంగు వోల్గాలో గేటు దాకా వచ్చాడు. ఆ బండిని చూడగానే పెరడంతా లేచింది. జనం ఒక్కసారిగా బయటికి ఉరికారు. ఒకడు బానెట్ తెరిచాడు. ఒకడు చక్రాన్ని తన్ని చూశాడు. మరొకడు వెనకసీట్లో కూర్చుని దిగనన్నాడు.

"ఎవరయ్యా మీరంతా? దిగు! నా బండిలోంచి దిగు ముందు!"

"నీ బండెలా అయింది తాతా? మేం పొద్దుటి నుంచీ టీలు తాగుతుంటే నువ్వు దొడ్డిదారిన కొట్టేశావా?"

తుర్లిబెక్ మాత్రం ఉప్పొంగిపోతూ అరుగు మీంచి, "చూశావా లుకిచ్! వోల్గా అంటే కుర్రకారుకు ఎంత ప్రాణమో!" అని అరిచాడు.

గెన్నాది జనాన్ని తోసుకుని వచ్చి ఆయన చెవిలో పళ్లు నూరాడు. "సిగ్గుండాలోయ్. నలుగురి ఓటుకు రెండొందలమందిని తోలుకొస్తావా? తలకెంత ఇస్తున్నావు? మాంసంతో సరిపెట్టావా?"

"నేను తోలలేదు. వాళ్లే వచ్చారు!"

"ఎందుకొచ్చారో అడుగు మరి!"

"ఇంకా తినందే ఎలా అడగను?"

మూడు గంటలకు గొర్రెమాంసం బెష్‌బర్మక్ పళ్లేలు తిరిగాయి, గేట్లోకి కొత్తవాళ్లు రావడం ఆగింది. చిలిక్ ఊరి నుంచి వచ్చిన తెల్లటోపీ పెద్దాయన, అందరిలోకీ వయసు మళ్లినవాడు, చేతులు చాచి దీవెన చదివాడు. రెండొందలమంది దీవెన అందుకున్నట్టుగా అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు. తుర్లిబెక్ స్టూలెక్కాడు.

"బిడ్డలారా, పంతొమ్మిదేళ్లు! ఎవరూ లేరనుకున్నాను. ఇక ఎక్కువ మాట్లాడను. మన ఫోరం బతకాలనేవాళ్లు చెయ్యెత్తండి!"

"ఫోరం అంటే ఏంట్రా?" ఒకడు పక్కవాణ్ని గిల్లాడు.

"ఏదో షరతు అయ్యుంటుంది. ఎత్తెయ్."

రెండొందల చేతులూ లేచాయి. వెనక ఒకడు రెండూ ఎత్తాడు. పోలీసాయన కూడా ఎత్తాడు. గెన్నాది ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. తుర్లిబెక్ కళ్లు తుడుచుకుని, ఇక మర్యాద చెడదు కాబట్టి, పొద్దుటి నుంచీ నోట్లో దాచుకున్న మాట అడిగాడు. "ఇప్పుడు చెప్పండి నాయనా, ఏం పని మీద వచ్చారు?"

తెల్లటోపీ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "దేవుడు నీకు మరింత ఇవ్వాలి తమ్ముడూ. నువ్వు ఉచితంగా ఇస్తానన్న వోల్గా కోసం వచ్చాం. ఎవరికిస్తున్నావో చెబితే మిగతావాళ్లం వెళ్తాం."

"ఏ వోల్గా?"

ఎల్నార్ ఫోన్ ముందుకు చాపాడు. తెర మీద ఆ బూడిదరంగు బండి, కింద నాలుగు వాక్యాలు. *మా అన్న వోల్గాను ఊరికే ఇస్తాను. డబ్బు వద్దు. ప్రేమగా చూసుకునేవాడు కావాలి. ఆదివారం పదింటికి తల్గార్‌లో నీలం గేటు దగ్గరికి రండి.* తుర్లిబెక్ రెండుసార్లు చదివాడు. మాటలు తనవే. రాసిన రోజు కూడా గుర్తుంది.

"ఇది నేను రాసి పదహారేళ్లయింది కదరా! తేదీ ఏది? ఫోరంలో ప్రతి రాతకూ పైన మూలన తేదీ ఉంటుంది!"

"ఉంది అగా. చూడ్డానికి బాగాలేదని కోసేశాను" అన్నాడు ఎల్నార్ నిజాయితీగా. "వీడియోలో తేదీలు ఎవరు చూస్తారు? మీ ఫోరంలో ఇలాంటివి బోలెడున్నాయి. రోజుకొకటి తీసి పెడుతున్నా. లైకులు బాగా వస్తున్నాయి."

"అంటే మనం పదహారేళ్లు ఆలస్యంగా వచ్చామన్నమాట" అని తెల్లటోపీ పెద్దాయన నెమ్మదిగా అర్థం చేసుకున్నాడు. "మరి ఆ రోజు ఎవరొచ్చారు?"

"ఒక్కడే వచ్చాడు. వాడే ఇతను" అని తుర్లిబెక్ గెన్నాదిని చూపించాడు. స్టూలు దిగి దానిమీదే కూర్చున్నాడు. "పోనీ, మీలో ఒక్కరు... ఒక్కరైనా ఫోరం కోసం రాలేదా?"

పోలీసాయన బూట్లు చూసుకున్నాడు. తుర్లిబెక్‌కు నిజంగానే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. బాల్జాన్ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. పొద్దుటి నుంచీ తిట్టాలని దాచుకున్నవన్నీ ఆమె మింగేసింది.

కానీ ఒకరి ఉప్పు తిని, ఆ మనిషిని ఏడిపించి లేచిపోవడం అక్కడ కుదరదు. "ఆ ఫోరమేదో ఎక్కడుందో చెప్పు తమ్ముడూ, మేమంతా చేరతాం" అన్నాడు తెల్లటోపీ పెద్దాయన. రెండొందలమందీ ఫోన్లు తీశారు. చేరేవాణ్ని పరీక్షించడానికి ఫోరం ఒక ప్రశ్న వేస్తుంది, వోల్గా ఇరవై ఒకటో మోడల్‌కు గేర్లెన్ని అని. ఒక్కడికీ తెలియదు. గెన్నాది కాసేపు ఓర్చుకుని, ఇక ఆగలేక, "మూడు! మూడురా వెధవల్లారా!" అని పెరడంతా వినబడేలా అరిచాడు.

సోమవారం పొద్దున తుర్లిబెక్ కళ్లజోడు తుడుచుకుని ఫోరం తెరిచాడు. నూట ఎనభై ఆరుగురు కొత్త సభ్యులు, నాలుగొందల కొత్త రాతలు. ఆయన గుండె పొంగింది. చదవడం మొదలుపెట్టాడు. "వోల్గా ఇంకా ఉందా?" ముప్ఫై తొమ్మిదిమంది అడిగారు. "వచ్చే ఆదివారం కూడా భోజనం ఉందా?" అరవైమంది. ఒకడు తేనె అమ్ముతున్నాడు. ఒకడు ఇంజన్ల విభాగంలో తన పిల్లి ఫోటోలు పెట్టాడు. ఇద్దరు ఎందుకో తిట్టుకుంటున్నారు, వాళ్లకు మద్దతుగా మరో పాతికమంది తిట్టుకుంటున్నారు. అడ్మిన్ కాబట్టి ఆయన ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. పది తుడిస్తే ఇరవై వచ్చాయి. మధ్యాహ్నం తినలేదు. సాయంత్రానికి కుడిచెయ్యి మొద్దుబారింది. ఎడమచేత్తో గెన్నాదికి ఫోన్ చేశాడు.

"లుకిచ్, నువ్వు చెప్పిందే నిజం. నాకు ఓపిక లేదు. ఈ రాత్రికే మూసేద్దాం."

"మూస్తావా? మూస్తే ఊరుకోను!" అవతల గెన్నాది గొంతు ఉరిమింది. "ఆ చిలిక్ ముసలాడు కల్ఖోజ్ సమిష్టి వ్యవసాయ సంఘం అధ్యక్షుడి బండి నడిపాడట. కార్బ్యురేటర్ గురించి నాకే పాఠాలు చెబుతున్నాడు. వాడి చేత తప్పు ఒప్పించేదాకా ఫోరం తెరిచే ఉండాలి!"

ఆ కార్బ్యురేటర్ చర్చ ఇప్పుడు నూట పన్నెండో పేజీలో ఉంది.