కామేశం గారి లాగిన్

సోమవారం ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు కొండవాగుపురం పురపాలక సంఘం జనన మరణాల విభాగంలో కంప్యూటర్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం పూర్తికాగానే, అక్కడి ఎనిమిది మంది ఉద్యోగులూ రెండున్నరేళ్ళ కిందట చనిపోయిన సూపరింటెండెంట్ అవధానుల కామేశం గారిగా మారడం మొదలుపెట్టారు.

ఇందులో సిస్టమ్ తప్పేమీ లేదు. అది ఉచితంగా దొరికేది. లోపల ఏముందో ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకు పంచిపెట్టవచ్చు. పైనుంచి వచ్చిన సర్క్యులర్‌లో ఈ స్వేచ్ఛ గురించి రెండు పేరాలు రాశారు. ఇకపై ప్రతి ఉద్యోగీ ఒక యూజరై ఉండాలనీ, యూజరు కాని మనిషి కార్యాలయంలో కొనసాగడానికి వీల్లేదనీ చెప్పే మూడో పేరా కాగితం వెనకవైపు అచ్చయింది. వెనకవైపు ఎవరూ తిప్పలేదు.

ఆ విభాగంలో యూజరు ఒక్కరే. తొమ్మిదేళ్ళ కిందట కంప్యూటర్లు వచ్చినప్పుడు కామేశం గారి పేర లాగిన్ ఒకటి తెరిచారు. మిగతావాళ్ళకు విడివిడిగా కావాలని ఒక ఉత్తరం తయారుచేసి ఆయన ముందు పెట్టారు. ఆయన అలవాటు ప్రకారం ఆఖరి పేజీ నుంచి మొదటి పేజీకి చదివి, పెన్ను రెండుసార్లు విదిలించి, పక్కన "చర్చించండి" అని రాశారు. ఎవరూ చర్చించలేదు. పాస్‌వర్డ్ చీటీని గోడ మీది క్యాలెండర్ వెనక అతికించారు. ఆ రోజు నుంచి అందరూ కామేశం గారిగానే లోపలికి వెళ్ళి, కామేశం గారిగానే బయటికి వచ్చేవారు. ఆయన పోయాక కూడా ఆ పద్ధతి మారలేదు. ఈ రెండున్నరేళ్ళలో ఒక్క రోజు కూడా సెలవు పెట్టని ఉద్యోగి రికార్డు ప్రకారం ఆయన ఒక్కరే.

జిల్లా నుంచి సిస్టమ్ ఎక్కించడానికి వచ్చిన ఇబ్రహీం నెమ్మదస్తుడు. "పాత యూజర్లని అలాగే ఉంచమంటారా?" అని స్క్రీను అడిగితే, అతను తల తిప్పి అదే ప్రశ్న అడిగాడు.

"ఉంచండుంచండి. ఉన్నవి పోతే మళ్ళీ ఎవడు తిరుగుతాడు?" అన్నాడు సీనియర్ అసిస్టెంట్ వీర్రాజు.

తరువాత 'మొదలుపెడదాం' అనే పేజీలు వరసగా వచ్చాయి. ఒక్కో పేజీ కింద 'తర్వాత' అనే బొత్తాం ఉంది. అందరూ దాన్ని నొక్కుతూ పోయారు.

ఒక్కో పేజీ చదివి నొక్కిన మనిషి ఒకరే ఉన్నారు. జూనియర్ అసిస్టెంట్ కొల్లాబత్తుల ఎస్తేరు రాణి. ఆమె తండ్రి ఏలియా రైసుమిల్లులో బస్తాలు మోసే కళాసీ, వేలిముద్ర మనిషి. ఆ ఇంట్లో ఒక పేరు అచ్చులో పడడం ఆమె బి.ఎస్సీ. పట్టాతోనే మొదలు. పట్టా వచ్చిన రోజు ఏలియా దాన్ని మిల్లుకు తీసుకెళ్ళి, చేతులు కడుక్కున్నవాళ్ళకే చూపించాడు. అందుకని ఎస్తేరు అచ్చులో ఉన్న దేన్నీ చదవకుండా వదలదు. ఆరో పేజీలో ఇలా ఉంది: "శనివారం సాయంత్రం అయిదు గంటలకు మొదటి అప్‌డేట్ వస్తుంది. అప్పటికి వేరే యూజరుగా నమోదు కాని వ్యక్తుల పాత వివరాలు తుడిచివేయబడతాయి."

"ఇబ్రహీం గారూ, నా పేర ఒక యూజరుని పెట్టరా?"

"నాకా అధికారం లేదండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండాలి."

"క్యాలెండర్ వెనకాలుంది కదా?"

"అది మామూలుదండి. అడ్మిన్‌ది వేరే. అది కామేశం గారికే తెలుసు." అతను సంచీ సర్దుకున్నాడు. "కంగారు పడకండి. మీరు పూర్తిగా ఆయనైపోయాక గుర్తొస్తుంది."

మంగళవారం వీర్రాజుకు కామేశం గారి దగ్గు వచ్చింది. బుధవారానికి ముగ్గురు ఆయన పీల్చే ముక్కుపొడుం డబ్బాలు తెచ్చుకున్నారు. ఎనిమిది కుర్చీల వెనకా ఆయన కుర్చీకి ఉండేలాంటి ఎనిమిది తువ్వాళ్ళు వేలాడాయి. జనం వస్తున్నారు, పోతున్నారు. నెలన్నర బిడ్డతో వచ్చిన ఒకావిడకు నాలుగు బల్లల దగ్గరా ఒకే గొంతు "రేపు రండి" అంది. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

మారని మనిషి అటెండరు పోలమ్మ ఒక్కతే. పదహారేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నా ఆమె కంప్యూటరును గుడ్డతో తుడవడమే గాని వేలితో ముట్టుకోలేదు. సిస్టమ్ లెక్కలో ఆమె ఎన్నడూ లేదు. అందుకే ఆమెకు ఏమీ కాలేదు.

"ఎస్తేరమ్మా, నువ్వు కూడా పంచదార లేకుండా తాగుతున్నావేటే?" అంది పోలమ్మ గురువారం, టీ గ్లాసు తీసుకుంటూ.

ఎస్తేరు గ్లాసులోకి చూసింది. ఖాళీగా ఉంది. చక్కెర జబ్బు కామేశం గారిది, ఆమెది కాదు. బాల్‌పెన్నుతో ఎడమ మణికట్టు మీద తన పూర్తి పేరు తన గుండ్రటి దస్తూరిలో రాసుకుంది. తరువాత తెల్లకాగితం తీసి, తన పేర వేరే యూజరును మంజూరు చేయవలసిందిగా సూపరింటెండెంట్ గారికి దరఖాస్తు రాసి, పట్టా నకలు జతచేసి, ఆయన పాత బల్ల మీద పెట్టింది.

"ఎందుకమ్మా ఈ గొడవ?" అన్నాడు వీర్రాజు. గొంతు అప్పటికే పూర్తిగా అతనిది కాదు. "సుఖంగానే ఉంది. ఎవరూ ఏమీ అడగరు. అడిగినా మనం ఏమనాలో ముందే తెలుసుద్ది."

"మీ పాప పేరేంటండీ వీర్రాజు గారూ?"

అతను సొరుగు లాగి, కాగితాలన్నీ తిరగేసి, "దరఖాస్తు పెట్టుకోండి" అన్నాడు.

శుక్రవారం ఆమె ఇంటి దారిలో పట్టా ఒరిజినల్ తీసి చూసుకుంది. అక్షరాలు అక్షరాల్లాగే ఉన్నాయి. ఈ అమ్మాయి బాగా చదువుకున్నట్టుందే అనుకుంది. రెండడుగులు వేశాక తను ఏమనుకున్నదీ తెలిసి, రోడ్డు పక్కన నిలబడిపోయింది.

శనివారం నాలుగున్నరకు ఆమెకు అడ్మిన్ పాస్‌వర్డ్ గుర్తొచ్చింది. కామేశం గారి పెద్దమ్మాయి జన్మనక్షత్రం, ఆయన చేరిన సంవత్సరం. ఎస్తేరు పరుగున వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుని టైపు చేసింది. తలుపు తెరుచుకున్నట్టు పేజీ తెరుచుకుంది. "కొత్త యూజరు పేరు?" అని అడిగి, గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఎదురుచూసింది.

ఆమె మణికట్టు చూసుకుంది. చెమటకు సిరా చెదిరిపోయింది. పేరు కోసం బల్ల మీది దరఖాస్తు తీసుకుంది. ఆఖరి పేజీ నుంచి మొదలుపెట్టింది. పట్టా నకలు. జతపరచిన వాటి జాబితా. సంతకం. చదివేకొద్దీ ఒక ఇబ్బంది తోచింది. ఒకరికి ఇస్తే మిగతా ఏడుగురూ అడుగుతారు. ఇంతవరకు ఈ ఆఫీసులో ఎవరికీ ఇచ్చింది లేదు. పైవాళ్ళు రేపు ప్రశ్నిస్తే జవాబు ఎవరు చెబుతారు?

"ఎస్తేరమ్మా! అయిదవుతుంది, కొట్టు తల్లీ, ఏదో ఒకటి కొట్టు!" అని తలుపు దగ్గర నుంచి పోలమ్మ అరిచింది.

బల్ల దగ్గరి మనిషి ఆ కేకకు తలెత్తలేదు. పెన్ను రెండుసార్లు విదిలించి, దరఖాస్తు పక్కన "చర్చించండి" అని రాసింది. అయిదు గంటలకు అప్‌డేట్ వచ్చి, ఎనిమిది నిమిషాల్లో ముగిసింది. ఎనిమిది మంది రూపాలు కూడా దానితోనే కామేశం గారివైపోయాయి.

సోమవారం కౌంటరు తెరవగానే ఏలియా వచ్చాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు.

"బాబూ, మా అమ్మాయి ఇక్కడే పని చేస్తదండి. శనివారం నుంచి ఇంటికి రాలేదండి."

"దరఖాస్తు పెట్టుకోవాలి" అన్నారు కామేశం గారు.

"నాకు రాయడం రాదండి. తమరే దయచేసి రాసి పెడితే..."

కామేశం గారు విసుక్కోకుండా కాగితం తీసుకున్నారు. ఈమధ్య ఆయన దస్తూరి గుండ్రంగా, బళ్ళో పంతులమ్మ దస్తూరిలా తయారైంది. "పేరు?"

"కొల్లాబత్తుల ఎస్తేరు రాణి అండి." ఏలియా కౌంటరు మీదికి కాస్త వంగాడు. "బి.ఎస్సీ. కూడా రాయండి బాబూ."

ఆయన బి.ఎస్సీ. కూడా రాశారు. వేలిముద్ర వేయించుకున్నారు. కింది నుంచి పైకి ఒకసారి చదివి, పెన్ను రెండుసార్లు విదిలించి, పక్కన ఒక మాట రాసి, కాగితాన్ని ఫైలులో పెట్టారు.

"రేపు రండి."

"ఆయ్, అలాగేనండి. మీ దయ" అని ఏలియా దణ్ణం పెట్టి, వరండాలోకి వెళ్ళాడు. బెంచీ మీద అప్పటికే ఏడు ఇళ్ళవాళ్ళు కూర్చుని ఉన్నారు. పోలమ్మ అందరికీ మంచినీళ్ళు ఇస్తోంది. ఆమె లోపలికి ఒకసారి చూసి, ఇంకో గ్లాసు నింపింది. వాళ్ళు కాస్త జరిగి ఏలియాకు చోటిచ్చారు.