అబ్బులు ఖాళీ ఉంచుకున్న ఆదివారం

మా పక్కింటి నాగదుర్గ గోడ మీంచి మా ఆవిడకు చెప్పిందట. మా ఆవిడ దాన్ని కాఫీతో పాటు నాకు అందించింది.

"వదినా, వంటింట్లో వినైల్ టైల్స్ అన్నయ్యగారే సొంతంగా అతికిస్తారంటగా? టైల్స్ మేస్త్రీ అబ్బులు ఆదివారం ఇంకే పనీ ఒప్పుకోలేదంట. ఎలాగూ మీ ఇంటి నుంచి కబురొస్తుందని."

కాఫీ తాగకుండానే నాకు ఒళ్ళు వేడెక్కింది.

"ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా కాలవలు కొలుస్తున్నాను. పదడుగుల వంటిల్లు నాకో లెక్కా?"

"కాలవ వంకరగా ఉన్నా నీళ్ళు సర్దుకుపోతాయండీ. టైల్స్ సర్దుకుపోవు," అంది సూర్యకళ.

మా సూర్యకళ జాకెట్లు కుడుతుంది. వీధిలో ఆడవాళ్ళ కొలతలన్నీ ఆవిడ నోటు పుస్తకంలో ఉంటాయి. నా కొలతలు మాత్రం ఆవిడ నాలుక మీద ఉంటాయి.

ఆవిడ కుట్టుమిషను ఉండేది వంటింటి పక్క చీకటి గదిలో. ముందు గదిలో కిటికీ పక్కన వెలుతురంతా నా పడక్కుర్చీది. ఆ చోటు మీద ఆవిడకు ఎప్పటి నుంచో కన్ను.

"శనివారం సాయంత్రానికి మీరు వేసేస్తే మిషను మాట మళ్ళీ ఎత్తను. వెయ్యలేకపోతే మీ కుర్చీ వెనక వసారాలోకి, నీళ్ళ మోటారు పక్కకి."

"కావాలంటే రాసుకో."

"అక్కర్లేదు. నాగదుర్గ వింటోంది."

శుక్రవారం టైల్స్ లెక్కపెట్టి తెచ్చాను. ఒక్కటి కూడా ఎక్కువ కొనలేదు. ఎక్కువ కొంటే నా మీద నాకే అనుమానం ఉన్నట్టు కాదూ?

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాను. వెనక కాయితం ఊడదియ్యడం, నేలకు అతికించడం, పిడికిలితో గుద్దడం. పదకొండు గంటలకల్లా అబ్బులుకే పని నేర్పేటంత వాణ్ణయ్యాను.

మిగిలినవి ఆరు. పొయ్యి గట్టు కాళ్ళ దగ్గర మూల కోసి వెయ్యాల్సినవి. పాత క్యాలెండరు కాయితం మీద ఆ ఆకారం కత్తిరించి, టైలు మీద పెట్టి పెన్సిలుతో గీస్తున్నాను.

"ఏవండీ, బొమ్మ వైపు గీస్తున్నారా, వెనక వైపా?"

"వెనక వైపే. తెల్లగా ఉంటుంది, గీత బాగా కనిపిస్తుంది. ఇది ఇంజనీరింగు, జాకెట్టు కాదు."

"సరే," అంది.

మా ఆవిడ సరే అందంటే నేను ఊరు ఖాళీ చెయ్యాలి. పెళ్ళైన మర్నాడే నేర్చుకున్న సంగతి. ఆ శనివారం ఎందుకో మర్చిపోయాను.

ఆరూ కోసేశాను. ఒకటి బొమ్మ పైకి వచ్చేట్టు తిరగేసి మూలన పెట్టాను. ఎడమన ఉండాల్సిన కోత కుడివైపున ఉంది! టైలుని ఇటు తిప్పాను, అటు తిప్పాను, దాని చుట్టూ నేను తిరిగాను. కూర్చోదే! రెండోదీ అంతే. ఆరూ అంతే.

"జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించినట్టుందండీ," అంది సూర్యకళ గుమ్మంలోంచి. "నేనూ ఓసారి చేశాను. పదహారేళ్ళప్పుడు."

"ఇంకో ఆరు తెస్తే సరి!" అని చొక్కా తొడుక్కున్నాను.

"ఆ రకం అయిపోయిందండీ. ఆఖరి పెట్టె నిన్న ఎవరో కొనుక్కుపోయారు."

"ఎవరు?"

మిషను కింద జాకెట్టు ముక్కల్లోంచి పెట్టె బయటికి లాగింది. "మీరు రాగానే నేనూ నాగదుర్గా ఆటోలో వెళ్ళొచ్చాం."

బొమ్మ వైపు గీసి, నా కట్టరుతోనే కోసి, పప్పు ఉడికేలోపు ఆరూ అతికించేసింది.

"మొత్తానికి సాయంత్రంలోపు పడ్డాయిగా, కుర్చీ కదలదు," అన్నాను.

"ఎవరు వేశారని నాగదుర్గ అడిగితే ఏం చెప్పమంటారు?"

కుర్చీ నేనే మోసుకెళ్ళాను. వసారాలో మోటారు దిమ్మ మూలన నా ఆరు టైల్సూ అప్పటికే పరిచి ఉన్నాయి. ఆ మూల కుడివైపుది. కొలిచి కోసినట్టు ఒదిగాయి.

ఆదివారం కబురు పంపకుండానే అబ్బులు సంచీతో దిగాడు. వంటింట్లో వంగి మూలలు తడిమి చూశాడు.

"వెంట్రుకంత సందు కూడా లేదండి. ఎవరు వేశారండి, బాబుగారూ?"

"మేమే వేసుకున్నాం, అబ్బులూ," అన్నాను, ఛాతీ విరుచుకుని.

ముందు గదిలో, కిటికీ పక్కన, మిషను చప్పుడు ఆగింది.

"కోసింది నేను. ఆయన కోసినవి మోటారు దగ్గర ఆయన కుర్చీ కిందున్నాయి, చూసి వెళ్ళు."